రాజీలో లేని ఊపిరి

ఎల్లాజీ ముక్కులోంచి గొట్టం పీకి మంచం మీద పడేశాడు.

"ఇంద, ఎత్తుకెల్లిపోండి. ఈ మిషనూ నాకొద్దు, డిస్పెన్సరీ మాత్రలూ వొద్దు. మా సెల్లి కేసెయ్యాలి గదా? ఎయ్యమను. నాను అడ్డమనే కదేటి ఈ గొడవంతానూ!"

ఆక్సిజన్ మిషను మాత్రం ఏమీ జరగనట్టు గుర్రుమంటూనే ఉంది. గొట్టం కొసలోంచి వస్తున్న గాలికి దుప్పటి అంచు మెల్లగా ఊగుతోంది.

"ఓలమ్మో, ఓలమ్మో!" అంటూ గంగాలమ్మ పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. తడిచేతులతోనే గొట్టం అందుకుని మొగుడి ముక్కుకి పెట్టబోయింది. అతను మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

గుమ్మంలో అసిరమ్మ నిలబడి ఉంది. అన్న కోసం తెచ్చిన పులుసు గిన్నె ఆమె చేతుల్లో ఉంది. రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆ కాస్త దూరం చుట్టి వచ్చేసరికే ఆమెకి ఆయాసం ముంచుకొచ్చింది.

"సూసినావా అసిరీ?" గంగాలమ్మ ఆడపడుచు మీదికి తిరిగింది. "కల్లారా సూసినావా? మీ అన్న పేనం పోతేగానీ నీ కేసు నడవదేటి?"

"నానేటి అన్నాను వొదినా..."

"నువ్వేటీ అనవు. నీ కూతురంటాది, నీ లాయరంటాది. నిన్న ఆ రమణమూర్తి గారొచ్చి ఏటి సెప్పినాడో ఇన్నావు గదా? నువ్వు కోర్టుకెక్కితే రాజీ పోద్ది. రాజీ పోతే డిస్పెన్సరీ పోద్ది. డిస్పెన్సరీ పోతే ఈ మిషనెవుడిత్తాడే? మీ బాబిత్తాడా?"

అసిరమ్మ గుమ్మానికి ఆనుకుంది. జవాబు చెప్పాలన్నా ఊపిరి చాలేలా లేదు.

నిన్న కంపెనీ తరఫున వచ్చిన రమణమూర్తి గట్టిగా ఒక్క మాటా అనలేదు. కుర్చీలో కూర్చుని, టీ తాగి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఇరవై ఏళ్ళ కిందటి సంగతి గుర్తుచేశాడు. పోర్టు పక్క గిడ్డంగిలో ఆస్‌బెస్టాస్ అనే రాతినార గోనెలు మోసిన కళాసీలు ఒక్కొక్కరే దగ్గుతూ మంచానపడటం, ఎల్లాజీ తోటి కళాసీలు ముగ్గురితో కలిసి పేటంతటి తరఫునా కోర్టుకెళ్ళడం, చివరికి రాజీ కుదరడం. కంపెనీ డబ్బు కట్టింది, పేట మొదట్లో డిస్పెన్సరీ పెట్టింది. పనిచేసినవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు, చుట్టుపక్కల కాపురమున్నవాళ్ళు, వీళ్ళలో ఎవరూ ఇక ముందు కేసు వెయ్యకూడదని రాజీలో రాశారు. కోర్టు ఒప్పుకుంది. అంతటితో అందరూ ఆ మాట మర్చిపోయారు.

అప్పుడు అసిరమ్మ నిక్షేపంగా ఉంది. ఈ ఏడు ఎండలు ముదిరాక ఆమె డొక్కలో నొప్పి మొదలైంది. రాతినార వల్ల ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకి కేన్సర్ పట్టిందని పెద్దాస్పత్రిలో తేల్చారు. వెంటనే ఆమె కూతురు దేవిశ్రీ లాయరుని వెతికి పట్టుకుంది.

"నువ్వు కోర్టుకొచ్చి ఒక్క ముక్క చెబితే చాలు ఎల్లాజీ. పేటలో అందరికీ చెప్పే రాజీపడ్డామని" అని రమణమూర్తి లేచేముందు అన్నాడు. అప్పట్నుంచీ ఎల్లాజీ అన్నం ముట్టలేదు.

"మావయ్యా, మమ్మల్ని బెదిరిత్తన్నావా?" అని దేవిశ్రీ తల్లి వెనకనుంచి లోపలికొచ్చింది. వన్ టౌన్‌లో షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పని ఆమెకి. అక్కడికి బయల్దేరుతున్నదల్లా గొడవ విని ఆగిపోయింది.

"బెదిరించడం కాదే గుంటా. దారిత్తన్నాను."

"ఇదేటి దారి? రేపు నీకేటైనా అయితే అమ్మ కోర్టుకెల్తాదేటి?"

"ఎల్లదని ఎవులు సెప్పారు? మీ అమ్మ మొండిది..."

మాట పూర్తికాలేదు. ఎల్లాజీ నోరు తెరిచి గాలికోసం వెతుక్కున్నాడు. పెదవులు నేరేడుపండు రంగులోకి తిరుగుతున్నాయి. గంగాలమ్మ ఏడుస్తూ అతని భుజం పట్టుకుంది. అతను ఆమె చెయ్యి తోసేశాడు.

అసిరమ్మ గిన్నె కింద పెట్టింది. మెల్లగా వెళ్ళి మంచం మీద కూర్చుని గొట్టం తీసుకుంది. పమిటకొంగుతో దాని కొస తుడిచి అన్న ముక్కుకి పెట్టి, చెవుల వెనక్కి సర్దింది. అతను కదల్లేదు. కళ్ళు మూసుకుని, తల్లి జడ వేస్తుంటే ఒద్దికగా కూర్చునే పిల్లలా ఉండిపోయాడు.



* * *

ఆ మధ్యాహ్నం లాయరు సమీనా అసిరమ్మ ఇంటికి వచ్చింది. వన్ టౌన్ సందుల్లో పుట్టి పెరిగిన పిల్ల. నల్లకోటు మడిచి ఒళ్ళో పెట్టుకుని చాప మీదే కూర్చుంది. అసిరమ్మ మొగుడు వరహాలు వాకిట్లో తెగిన వల బాగుచేస్తున్నాడు. మాటలన్నీ వింటూనే ఉన్నాడు గానీ తల ఎత్తలేదు.

"ఒక్కొక్కరూ విడివిడిగా కేసు వేస్తే ఎప్పటికీ తేలవమ్మా" అంది సమీనా. "అందుకని కొందరు నిలబడి అందరి మాటా చెబుతారు. చట్టం దానికి ఒప్పుకుంటుంది. అలా చేసుకున్న రాజీ అందరికీ వర్తిస్తుంది. ఇప్పుడు కంపెనీ అంటున్నది ఒకటే. ఆ అందరిలో మీరూ ఉన్నారట."

"ఉన్నాను గదా మరి" అంది అసిరమ్మ.

"కానీ అప్పుడు మీకు జబ్బు లేదు."

"జబ్బు నేదు. మనిసినైతే ఉన్నాను."

సమీనా కలం తీసింది. "ఆ రాజీ సంగతి పేటలో చెప్పినప్పుడు మీరు అక్కడున్నారా?"

దేవిశ్రీ చప్పున అందుకుంది. "ఎల్లనేదని సెప్పమ్మా. నువ్వు సేపలకెల్లుంటావు."

"ఎల్లినాను. పడవల కాడ ముందు వరసలో నిల్సున్నాను. మా అన్న మాటాడితే సప్పట్లు కూడా కొట్టినాను."

"అలగ సెప్తావేటమ్మా! అక్కడికే కేసు అయిపోద్ది."

"అబద్దమాడితే ఊపిరొచ్చెత్తాదేటే?"

దేవిశ్రీ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. వాకిట్లో వరహాలు చేతిలో వల సూది ఆగింది.

"అబద్ధం అక్కర్లేదు" అని చివరికి సమీనా అంది. "ఆ రాజీ తప్పని మనం అనడం లేదు. కొట్టెయ్యమని అడగడమూ లేదు. జబ్బుపడ్డవాళ్ళకి అది మేలే చేసింది. తర్వాత జబ్బుపడబోయేవాళ్ళ సంగతి ఆ రోజు ఎవరూ ఆలోచించలేదు. వాళ్ళ తరఫున ఎవరూ నోరెత్తలేదు. మన మాట అంతవరకే."

"గెలుత్తామా?"

"చెప్పలేనమ్మా. ఇలాంటివి రెండు రకాలుగానూ పోతాయి. ఒక్కటి మాత్రం చెబుతాను. మీ అన్నగారు కంపెనీ తరఫున సాక్ష్యం చెబితే మనకి చాలా కష్టం."

సమీనా వెళ్ళాక వరహాలు లోపలికొచ్చాడు. తన కండువా మడిచి భార్య తలకింద పెట్టాడు.

"నీకు ఎల్లాలనుంటే నాను తీసికెల్తాను" అన్నాడు. "వొద్దనుంటే ఇక్కడే నీ కాడ కూకుంటాను. డాట్రు సెప్పింది నువ్వూ ఇన్నావు. ఉన్న నాలుగు రోజులూ కోర్టులో కూకోడం దేనికే?"

అసిరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. కోర్టుకి ఎందుకు వెళ్ళాలో, ఆ ఒక్క సంగతి ఆమె ఎవరికీ చెప్పడం లేదు.

మందు మత్తు కమ్ముకొస్తోంది. రెప్పలు వాలిపోయాయి.

కళ్ళు మూస్తే ఎప్పుడూ ఆ ఇసకే. కొత్తగా కాపురం పెట్టిన రోజులు. తాటాకు కప్పు చిల్లులుపడి వాన లోపలికొచ్చేది. గిడ్డంగిలో చిరిగిన గోనెలు పారేస్తుంటే అన్న భుజాన వేసుకొచ్చాడు. "దడి కట్టుకో, సాపలు కుట్టుకో" అన్నాడు. ఆమె వాటిని ఒడ్డుకి పట్టుకెళ్ళి దులిపింది.

గోనె విదిలిస్తే తెల్లని నూగు లేచేది. దూదికంటే పల్చన, పొగకంటే మెత్తన. ఎండలో మెరుస్తూ పడవల మీదుగా తేలుకుంటూ పోయేది. ఆరబెట్టిన చేపల మీద, తాళ్ళ మీద, ఆమె జుట్టు మీద నిదానంగా వాలేది. పిల్లలు చేతులు చాచి దాని వెంట పరుగెత్తేవాళ్ళు. ఎవరో నవ్వుతున్నారు. ఆ నవ్వు తనదే. గుండెలనిండా గాలి పీల్చి మళ్ళీ విదిలించింది. నూగు లేచింది. సముద్రం కనిపించలేదు, ఒడ్డు కనిపించలేదు. అంతా తెలుపు. ఆ తెలుపులో తన ఒంటికి బరువే లేదు. కాళ్ళు ఇసక మీద ఆనడం లేదు. ఎంత హాయి!

"సెల్లే."

పిలుపు ఆ తెలుపులోంచే వచ్చిందనుకుంది. మళ్ళీ వినిపించింది. గోడ అవతల్నుంచి.

"సెల్లే, తొంగున్నావేటి?"

ఎల్లాజీ మంచం ఆ గోడకి అటుపక్క, ఆమె చాప ఇటుపక్క. మధ్యలో ఇటికె వరస ఒక్కటే. అతని గొంతు వెనక మిషను గుర్రుమని వినిపిస్తోంది.

"నేదన్నియ్యా."

"ఆ గోనెలు నానే తెచ్చినాను."

"ఊఁ."

"ఆ మాట లాయరికి సెప్పినావా?"

"నేదు."

"ఎందుకు సెప్పనేదు?"

"నిన్ను తప్పుపట్టినట్టుంటాదని. ఇల్లు కారతంటే సూడనేక తెచ్చినావు. నీకు మాత్రం తెలుసేటి?"

గోడ అవతల మిషను గుర్రుమంటూనే ఉంది. ఎండ కిటికీలోంచి జారి ఆమె పాదాల మీదికి వచ్చింది. అతను నిద్రపోయాడేమో అనుకుంది.

"కేసొగ్గీ అసిరీ" అన్నాడతను. ఈసారి గొంతులో కోపం లేదు. "నాకోసం కాదు. నాదయిపోనాది. పేటలో ఆ డిస్పెన్సరీని నమ్ముకునున్నోల్లు ఎంతమందో నీకు తెలుసు. ఆల్లందరినీ ఒప్పించినాను ఆయాల. మల్లీ ఆల్ల మొకాలెలగ సూడాల?"

"ఒగ్గనేనన్నియ్యా."

"డబ్బులొత్తే నీ జబ్బు పోద్దేటి?"

"పోదు."

"మరెందుకే అంత పట్టు?"

అసిరమ్మ అరచెయ్యి గోడకి ఆనించింది. సున్నం చల్లగా ఉంది. చెబితే సగం బరువు తీరుతుంది. కానీ ఆ మాట గోడ దాటితే మళ్ళీ వెనక్కి రాదు.

"నిద్దరొత్తంది" అంది.

* * *

కోర్టు రోజున రెండు ఆటోలు కట్టారు. గంగాలమ్మ మొగుడితో ముందు ఆటోలో ఎక్కింది. చిన్న సిలిండరుని ఒళ్ళో పెట్టుకుని, ఆడపడుచు వైపు చూడకుండా కూర్చుంది. వెనక ఆటోలో అసిరమ్మ వరహాలు భుజానికి ఒరిగింది. వీధులన్నీ ఆమెకి నీళ్ళకింద కదులుతున్నట్టు కనిపించాయి.

అసిరమ్మ వేసిన కేసుకి కంపెనీ చెప్పిన అభ్యంతరం మీద విచారణ. రాజీ ఉండగా ఈ కేసు చెల్లదు, మొదట్లోనే కొట్టెయ్యాలి అని వాళ్ళ వాదన. వాళ్ళ సాక్షి ఎల్లాజీ.

అతను బోనులోకి ఎక్కలేకపోతే జడ్జి గారు కిందనే కుర్చీ వేయించారు. కంపెనీ లాయరు మెల్లగా అడిగాడు.

"రాజీ సంగతి పేటలో అందరికీ చెప్పారా?"

"సెప్పినాను బాబూ. ఒడ్డున పిలిసి సెప్పినాను."

"మీ చెల్లెలు అసిరమ్మ అక్కడుందా?"

"ఉంది."

"అభ్యంతరం చెప్పిందా?"

"నేదు. సప్పట్లు కొట్టింది."

లాయరు తృప్తిగా కూర్చున్నాడు. దేవిశ్రీ వెనక బెంచీ దగ్గర గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. గంగాలమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

సమీనా లేచింది. "ఎల్లాజీ గారూ, ఆ రోజు అక్కడున్నవాళ్ళలో జబ్బుపడ్డవాళ్ళెవరు?"

అతను పేర్లు చెప్పుకుపోయాడు. చాలామంది ఇప్పుడు లేరు. ఒక్కో పేరు దగ్గరా ఆగి గాలి తీసుకోవాల్సి వచ్చింది. జడ్జి గారు తొందరపెట్టలేదు.

"మరి మీ చెల్లెలు?"

"దానికేటి? పిట్టలాగుండీది. నవ్వుతా నిల్సుంది."

"ఇలా నవ్వుతూ నిలబడ్డవాళ్ళకి రేపు జబ్బొస్తే ఏం చెయ్యాలని కంపెనీని అడిగారా?"

ఎల్లాజీ సిలిండరు మీద చెయ్యి వేసుకుని గంగాలమ్మ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వద్దు, వద్దు అన్నట్టు. అతను చూపు తిప్పి చెల్లెలి వైపు చూశాడు.

"అడగనేదమ్మా" అన్నాడు. "అందరికీ అని రాయించినాను. అందరికీ అన్నప్పుడు నా కల్లకి దగ్గీవోల్లే అగుపడ్డారు. నవ్వీవోల్లు అగుపడనేదు. ఆల్ల గురించి మా లాయరూ అడగనేదు, ఆయాల జడ్జి గారూ అడగనేదు. మందు కావాలని ఏడిసీవోల్లు మా ఇంటి సుట్టూ ఉండీవోరు. ఆల్లకి మందొచ్చింది, సాలనుకున్నాను."

గంగాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కంపెనీ లాయరు చివ్వున లేచాడు. "అసిరమ్మ గిడ్డంగిలో ఎప్పుడైనా పనిచేసిందా?"

"నేదు."

"మీరు మోసిన రాతినార ఆమె దాకా ఎలా వెళ్ళింది? ఈ జబ్బుకీ కంపెనీకీ సంబంధమేమిటి?"

"నాను పట్టుకెల్లినాను బాబూ. గిడ్డంగిలో పారేసిన గోనెలు. ఎవులూ వొద్దననేదు. దాని ఇంటికి దడి కట్టినాను. అది దులిపి సాపలు కుట్టింది. ఉయ్యాల కట్టింది..."

ఎల్లాజీ ఆగిపోయాడు. తను అన్న మాట అప్పుడే తన చెవికీ చేరినట్టు నోరు అలాగే తెరిచి ఉండిపోయాడు.

జడ్జి గారు కలం ఎత్తి చూశారు. "ఉయ్యాల ఎవరికి?"

అతని కళ్ళు గది చివరికి, వెనక బెంచీ దగ్గర గోడకి చేరబడి ఉన్న మేనకోడలి మీదికి వెళ్ళాయి. అందరి చూపులూ అటే తిరిగాయి. దేవిశ్రీ కళ్ళు తెరిచి ఉంది.

అసిరమ్మ తల దించుకుంది. ఇన్నాళ్ళూ ఊపిరి బిగబట్టి దాచిన మాట అన్న నోటినుంచి జారిపడింది.

సాయంత్రానికి జడ్జి గారు ఉత్తర్వు చదివి వినిపించారు. ఆ రాజీ అసిరమ్మకి వర్తిస్తుందా లేదా అన్నది పూర్తి విచారణలోనే తేలాలి, కేసుని మొదట్లోనే కొట్టెయ్యడం కుదరదు. రాజీని రద్దు చెయ్యమని ఎవరూ అడగలేదు కాబట్టి ఈ కేసుని సాకుగా చూపి పేటకి అందుతున్న వైద్యం ఆపరాదు. కంపెనీ లాయరు పై కోర్టుకి వెళతామన్నాడు. వెళ్ళొచ్చన్నారు జడ్జి గారు.

బయట ఎండ మెత్తబడింది. పోర్టు వైపునుంచి ఓడ కూత ఒకటి దూరంగా, నిద్రలో పిలిచినట్టు వినిపించింది. గంగాలమ్మ మొగుణ్ణి ఆటోలో కూర్చోబెట్టి, ఒక పక్కకి జరిగి, అసిరమ్మ కేసి చూడకుండానే చోటు తడిమి చూపించింది.

"ఎక్కు. ఎండలో నిలబడకు."

అసిరమ్మ ఎక్కలేదు. దేవిశ్రీ కోర్టు మెట్ల మీద ఒక్కతే నిలబడి ఉంది. తల్లి ఒక్కో మెట్టూ ఎక్కి ఆమె దగ్గరికి వెళ్ళేసరికి చాలాసేపు పట్టింది. కూతురు ఎదురు రాలేదు.

"దీనికేనా, కేసొగ్గనేనన్నావు?"

అసిరమ్మ తలూపింది.

"ఆ ఉయ్యాల్లో ఎన్నాల్లు తొంగున్నానమ్మా?"

"నడకొచ్చీదాకా" అంది అసిరమ్మ. "నువ్వు బేగి నిద్దరోయీదానివి కాదు. ఊపుతానే ఉండీదాన్ని."

దేవిశ్రీ ఏదో అనబోయి గాలి పీల్చింది. సగంలో ఆగింది. ఆ ఊపిరి ఎంతదాకా వెళ్ళిందో, లోపల ఎక్కడైనా తగిలిందో వింటున్నట్టు కాసేపు కదలకుండా నిలబడింది. నొప్పి లేదు. దగ్గు లేదు. ఏమీ లేదు.

ఫైళ్ళు పట్టుకుని సమీనా మెట్లు దిగుతోంది. దేవిశ్రీ ఆమెకి ఎదురెళ్ళింది.

"మేడం, ఒక్క మాట. ఈ కేసులో అమ్మ ఓడిపోతే, రేపు నాకొచ్చినా అంతే గదా?"

సమీనా మెట్టు మీద ఆగింది.

"పోనీ, ఇయ్యాల ఏ జబ్బూ లేని మనిసి కేసెయ్యొచ్చా?"

సమీనా ఫైళ్ళు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఆమె మొహం చూసి అసిరమ్మ మెట్టు మీద కూలబడిపోయింది. అంత చదువుకున్న పిల్ల ఒక్క మాట కోసం అంతసేపు వెతుక్కోవడం ఆమె ఇంతవరకూ చూడలేదు.